మూడో రకం

అమ్మ ఆగిపోవడం నేను మొదటిసారి చూసింది బస్సులో.

అమ్మ పేరు స్వరూప. జమ్మికుంట నుంచి మా ఊరు ఇప్పలపల్లి మీదుగా తిరిగే పల్లె బస్సుకు కండక్టరు. ఆదివారం మధ్యాహ్నాలు నేను జమ్మికుంటలో ఉన్న బాపు దుకాణానికి అన్నం గిన్నె తీసుకుపోయి, అమ్మ బస్సులోనే ఇంటికి తిరిగి వస్తాను. ఆ రోజు బస్సు కిక్కిరిసి ఉంది. ఒక ముసలాయన గొర్రెపిల్లను చంకలో పెట్టుకుని ఎక్కాడు.

"తాతా, పిల్లగొర్రెకు టికెట్ కొట్ట గని, అది నా కొంగు నమిలిందంటే మాత్రం..." అంటూ టికెట్టు చేతికివ్వబోయి అమ్మ ఆగిపోయింది. చెయ్యి గాలిలోనే ఉంది. నోరు సగం తెరిచి ఉంది. కళ్లు తాతవైపే ఉన్నాయి కానీ ఆయన్ని చూడడం లేదు.

"ఏం స్వరూపక్కా, ఫొటోకు నిలవడ్డవా?" అన్నారెవరో వెనక నుంచి. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆరు దాకా లెక్కపెట్టాను.

"...ఇద్దరినీ ఈడనే దింపుత" అని అమ్మ మాట పూర్తి చేసింది. ఎందుకు నవ్వుతున్నారో అర్థంకాక చుట్టూ చూసి, "ఏంది, నా మొకం మీద బొమ్మ ఆడుతున్నదా?" అంది.

తను ఆగినట్టు అమ్మకు తెలియదు. ఆ తరువాత కూడా ఎప్పుడూ తెలియలేదు. మాట ఎక్కడ తెగిందో అక్కడి నుంచే అందుకునేది.

వరంగల్ డాక్టర్లు మెదడులో కరెంటు ఒకచోట తెగుతోందన్నారు. మందులు పనిచేయలేదు. అమ్మను బస్సు దింపి డిపోలో ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. రోజంతా నిలబడి నలభైమందితో మాటకు మాట విసిరే మనిషి, ఇంటికి వచ్చి గోడ వైపు చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టింది.

"నీకు రాసే అలవాటున్నది గద సౌజీ. మీ అమ్మ ఎప్పుడు ఆగుతున్నది, ఎంతసేపు ఆగుతున్నది, ఆగకముందు ఏమన్నది, అన్నీ రాసిపెట్టు. పెద్ద డాక్టర్లకు పనికొస్తది" అన్నాడు బాపు.

రోజూ రాసుకునే నోటుపుస్తకంలోనే అదీ రాశాను. ఆగకముందు ఏమందో రాయాలంటే అన్నీ వినాలి. అలా రెండు నెలల్లో అమ్మ నోటి నుంచి వచ్చిన ప్రతి మాటా పుస్తకంలోకి వచ్చేసింది. పాలవాడిని తిట్టినవి, నన్ను "మాట రాని మొద్దు" అన్నవి, ఒంటరిగా గిన్నెలతో మాట్లాడుకున్నవి. మధ్యమధ్య నావీ ఉన్నాయి, ఎవరికీ చెప్పుకోనివి.

వాటిలో ఒక అబద్ధం ఉంది.

మండలం స్థాయి వ్యాసరచనలో నాకు రెండో బహుమతి వచ్చిన రోజు ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పాను. అమ్మ వెల్లుల్లి ఒలుస్తోంది. "మొదటిది ఎవలకొచ్చింది?" అంది. అంతే. ఆ సాయంత్రం నేను ఇలా రాసుకున్నాను: అమ్మ నా తల మీద చెయ్యి పెట్టి, "నువ్వున్నవనే నేను పొద్దుగాల లేస్తున్ననే" అన్నది.

అమ్మ అనలేదు. అని ఉంటే ఎట్లా ఉంటుందో రాసి చూసుకున్నాను.

*

మా బాపు సమ్మయ్య యూపీఎస్‌లు, ఇన్వర్టర్లు, బ్యాటరీలు బాగుచేస్తాడు. దుకాణంలోకి ఏ పెట్టె వచ్చినా దాని మీది చీటీ చదవడు. దానికి ఒక చిన్న బల్బు తగిలిస్తాడు. గోడ ప్లగ్గు పీకేస్తాడు. బల్బు వైపు చూస్తాడు.

"రెప్ప కొట్టిందా?" అని నన్ను అడుగుతాడు.

"కొట్టింది బాపు."

"అయితే మొదటి రకం. కరెంటున్నంతసేపు ఇది పండుకుంటది. కరెంటు గోడకెంచి నేరుగ బల్బుకు పోతది. పోయిందనుకో, టక్కున లేసి బ్యాటరీకెంచి ఇస్తది. ఆ లేసేటి సందుల్నే బల్బు రెప్ప కొడుతది."

రెండో రకం కూడా కరెంటును నేరుగానే పోనిస్తుంది, కానీ కాపలా కాస్తుంది. వోల్టేజీ తగ్గితే కొంచెం ఎత్తుతుంది, పెరిగితే కొంచెం దించుతుంది. పూర్తిగా పోతేనే బ్యాటరీ మీదికి దూకుతుంది.

మూడో రకానికి ప్లగ్గు పీకినా బల్బుకు తెలియదు. రెప్ప కూడా వేయదు. ఎందుకంటే గోడలో కరెంటు ఆ బల్బును ఎప్పుడూ తాకలేదు. వచ్చిన కరెంటంతా పెట్టెలోకి పోయి బ్యాటరీని నింపుతుంది. బల్బుకు పోయేది పెట్టె తయారుచేసిన కరెంటు. ఉన్నప్పుడూ అదే, పోయినప్పుడూ అదే.

బాపు మూడో రకాన్నే నమ్ముతాడు. నా చిన్నప్పుడు ఒక కోళ్ల హాచరీవాళ్లకు మొదటి రకం పెట్టాడట. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. పెట్టె లేచింది. కానీ ఆ రెప్పపాటు సందులోనే గుడ్లను వెచ్చగా ఉంచే మిషను తన లెక్క మర్చిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలైంది. ఎవరూ చూసుకోలేదు. మూడోరోజు తలుపు తీస్తే నాలుగువేల గుడ్లలో ఒక్కటీ కదలలేదు. ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉందంటాడు. ఆ సంగతి చెప్పినప్పుడల్లా చేతులు లుంగీకి తుడుచుకుంటాడు.

*

హైదరాబాదు శివార్లలో ఉన్న ఆ ప్రయోగశాలకు మమ్మల్ని వరంగల్ డాక్టర్లే పంపారు. అక్కడ డాక్టర్ నళిని అనే ఆవిడ చెవి వెనక ఎముకలో అమర్చే ఒక బిళ్లను తయారుచేసింది. దానికి తోడు నడుముకు కట్టుకునే చిన్న పెట్టె. వాళ్లు దాన్ని ఊతం అంటారు. మనిషి ఎట్లా మాట్లాడుతుందో, చెయ్యి ఎట్లా కదుపుతుందో అది కొన్నాళ్లు నేర్చుకుంటుంది. మెదడు ఆగిన ఆ ఆరు సెకన్లూ మాటనూ ముఖాన్నీ కాళ్లూచేతుల్నీ అదే నడిపిస్తుంది. పక్కవాళ్లకు ఏమీ తెలియదు.

"దీన్ని మూడు రకాలుగా పెట్టొచ్చండీ" అని డాక్టర్ నళిని మొదలుపెట్టగానే బాపు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆవిడ చెబుతుంటే మధ్యలో అందుకుని, "పండుకునేది, కాపలా కాసేది, మధ్యల కూసుండేది. అంతే గద మేడం?" అన్నాడు.

ఆవిడ నవ్వింది. "ఇంత తొందరగా ఎవరూ పట్టుకోలేదు సమ్మయ్యగారూ."

"మధ్యల కూసుండేది ఏంది?" అని అమ్మ అడిగింది.

"మీరు అనాలనుకున్నది నేరుగా మీ నోటికి రాదండీ. పెట్టెకు పోతుంది. పెట్టె దాన్ని చూసుకుని, తన దగ్గర ఉన్నదాంతో కలిపి మాట తయారుచేసి మీ నోటికి ఇస్తుంది. ఎప్పుడూ తెగదు."

"మరి నేనెక్కడుంట?"

డాక్టర్ నళిని అమ్మ వైపు కొంచెం వంగింది. "లోపలే ఉంటారు. అన్నీ వింటుంటారు, చూస్తుంటారు."

"అంటే నా బస్సుకు నేనే ప్యాసింజర్నన్నట్టు" అంది అమ్మ. "నాకొద్దు. ఆ రెండోది గూడ వద్దు. నా మాటను ఎవ్వలూ సాపు చెయ్యద్దు. మొదటిదే పెట్టుండ్రి. నేను మాట్లాడంగ అది నోరు మూసుకోవాలె. నేను ఆగితేనే లేవాలె. నేను లేసినంక మళ్ల పండుకోవాలె."

"మారేటప్పుడు చిన్న సందు వస్తుంది. మీరు ఒకసారి రెప్ప వేసినట్టు కనిపిస్తుంది, అంతే."

"రెప్పలున్నయే కొట్టెటందుకు" అని అమ్మ మొదటి రకం కాగితం మీద తన పేరు రాసింది. నేను పక్కనే ఉన్నాను. వంకర అక్షరాలతో, పూర్తి పేరు.

బాపు ఆ సంతకం వైపు చూశాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

*

అమ్మ ఇంటికి వచ్చింది. వారం, రెండు వారాలు, నెల. ఒక్కసారీ ఆగలేదు. డాక్టర్లు పరీక్షించి కాగితం రాసిచ్చారు. అమ్మ మళ్లీ బస్సెక్కింది. బాపు ఆ రోజు దుకాణంలో అందరికీ చాయ్ తెప్పించాడు.

అమ్మ మెత్తబడింది. కూరలో ఉప్పెక్కువైతే "అయితదిలే" అంటోంది. పాలవాడితో "రేపు జర చిక్కగ పొయ్యి తమ్మీ" అంటోంది. బస్సులో వెనక సీటు ముసలమ్మ ఒకామె నా చెవిలో, "మీ అమ్మకేమైందే? నన్ను తిడుతలేదు. నాకు తిక్కతిక్కగున్నది" అంది. దవాఖానకు పోయివచ్చిన మనిషి కదా అని సర్దిచెప్పాను. నాకైతే బాగుంది. నన్ను మొద్దు అనడం లేదు. నేను తడబడుతూ చెప్పేదంతా చివరిదాకా వింటోంది.

నాలుగో నెలలో ఒక పొద్దున గోడకున్న అద్దం ముందు అమ్మ నాకు జడ వేస్తోంది. బడిలో సైన్సు ప్రదర్శనకు నా పేరు తీసుకున్నారని చెప్పాను. అమ్మ దువ్వెన ఆపి నా తల మీద చెయ్యి పెట్టింది.

"నువ్వున్నవనే నేను పొద్దుగాల లేస్తున్ననే" అంది.

ఒళ్లంతా వెచ్చబడింది. బుగ్గలు నొప్పి పుట్టేంత నవ్వు వచ్చింది. తరువాత, అమ్మ రెండో పాయ అల్లుతుండగా, ఆ మాట నాకు ఎక్కడ తెలుసో గుర్తొచ్చింది.

అమ్మ నా పుస్తకం చదివి ఉంటుంది అనుకున్నాను. చదివి, నా ఆశ తెలుసుకుని, నా కోసం అంది. అట్లా అనుకుంటే ఎంతో బాగుంది. కానీ ఆ పుస్తకం నా బట్టల పెట్టె అడుగున ఉంటుంది. అమ్మ ముందు దాన్ని నేనెప్పుడూ తీయలేదు. ఆ చోటు తెలిసింది ఒక్క బాపుకే.

అడగలేదు. పదకొండు రోజులు ఎవరినీ ఏమీ అడగలేదు. రోజూ పొద్దున అమ్మ ముందు జడకు కూర్చున్నాను. ఏదో ఒక చిన్న విజయం చెప్పేదాన్ని, లేకపోతే కల్పించేదాన్ని. ఒకసారి ఆ మాట మళ్లీ వచ్చింది. అదే గొంతు, అదే చెయ్యి, అదే చోట.

పదకొండో రోజు మూడోసారి వచ్చింది. ఆ రోజు అద్దంలో అమ్మ ముఖం కనిపించింది. నవ్వుతోంది. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. నవ్వు కొంచెం కూడా చెదరలేదు. ఆ నీళ్లకూ ఆ నవ్వుకూ సంబంధమే లేదు.

"ఏడుస్తున్నవా అమ్మా?"

"నలక పడ్డదే" అంది అమ్మ హాయిగా.

అది ఆదివారం, ఆ వారం అమ్మకు సెలవు. పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా అమ్మ ఎదురుగా పప్పు ఏరుతూ, చొక్కాలకు గుండీలు కుడుతూ కూర్చున్నాను. అమ్మ రోజుకు పదిసార్లు ఆగేది. మొదటి రకమైతే ఆగిన ప్రతిసారీ మాట మధ్యలో ఒక చిన్న సందు కనపడాలి. డాక్టర్ నళిని చెప్పిన ఆ రెప్పపాటు. ఆరు గంటల్లో ఒక్కటి కూడా లేదు. మాట నున్నగా, ఒకే వెలుగుతో వస్తోంది.

అన్నం గిన్నె పట్టుకుని జమ్మికుంట బస్సెక్కాను.

*

బాపు ఒక పెట్టె విప్పుకుని కూర్చున్నాడు. గిన్నె బల్ల మీద పెట్టాను.

"బాపు, అమ్మకు పెట్టింది ఏ రకం?"

"ఏ రకమేంది? కాగితం మీద నువ్వు గూడ జూస్తివి గద."

"అమ్మ రెప్ప కొడుతలేదు."

బాపు చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. నా వైపు చూడలేదు.

"బల్బు రెప్ప కొట్టకుంటే మూడో రకమని నువ్వే చెప్పినవు" అన్నాను. నా గొంతు నాకే వినపడడం లేదు. "నా పుస్తకం ఎవలకిచ్చినవు?"

ఆయన ఆ పెట్టెలోని తీగలను ఒక పక్కకు సర్దాడు. "ఆపరేషన్ బల్ల మీద మీ అమ్మకు మత్తిచ్చినంక మళ్ల జూసిండ్రు బిడ్డా. ఆగుడు ఆరు సెకన్లు కాదు, పెరుగుతున్నదన్నరు. పదీ పన్నెండు అయితదన్నరు. మత్తుల ఉన్నప్పుడు అవసరమైతే మొగని మాట చెల్లుతదని కాగితంల ఉండె. మేడం అడిగింది. మూడోది పెట్టమన్న."

"అమ్మ వద్దన్నది."

"వద్దన్నది. ఆ సందుల ఏమన్న అయితే? ఒక్క రెప్పపాటు బిడ్డా. నాలుగువేల గుడ్లు ఒక్క రెప్పపాటుల పోయినయి. నేను జూసిన."

"నా పుస్తకం, బాపు."

"మూడోదానికి మస్తు మాటలు గావాలె. మీ అమ్మ మాట్లాడినయన్నీ అండ్లనే ఉండె. ఫొటోలు దీసి పంపిన." ఇప్పుడు నా వైపు చూశాడు. "తిట్లు జర తీసేయుమన్న. గంతే. మంచియి ఉంచుమన్న. ఇల్లు సల్లగుంటదని."

నాలుగు నెలలుగా నాతో మాట్లాడింది ఎవరు? నేను రాసిపెట్టినవి, బాపు ఏరిపెట్టినవి, వాటిలో నా అబద్ధం ఒకటి. అమ్మ లోపల కూర్చుని తన నోరు ఆ మాట అనడం పదకొండు రోజుల్లో మూడుసార్లు విన్నది. తన చెయ్యి నా తల మీదికి పోవడం చూసింది.

"అది తప్పు రాత బాపు" అన్నాను. "అమ్మ అన్నవి కానివి గూడ రాసిన నేను."

బాపుకు అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా చెప్పాను. ఆయన బల్ల మీదున్న అన్నం గిన్నెను దగ్గరికి లాక్కుని, మూత మీద చెయ్యి పెట్టి, తినకుండా అట్లాగే కూర్చున్నాడు.

*

మూడురోజుల తరువాత ప్రయోగశాలలో నలుగురం కూర్చున్నాం. అమ్మ నా పక్కన, బాపు గోడ దగ్గర. డాక్టర్ నళిని నేను చెప్పిందంతా విన్నది. ఆవిడ ముఖం పాలిపోయింది. కానీ గొంతు స్థిరంగానే ఉంది.

"ఒప్పుకుంటున్నాను, ఆ రోజు నేను తొందరపడ్డాను. మూడో రకం ఒక మనిషిలో ఎట్లా నడుస్తుందో చూడాలని నాకూ ఉంది. కానీ ఆవిడ ఇప్పుడు పనిచేసుకుంటోంది, నడుస్తోంది. తీసేస్తే ఆగిపోవడం పన్నెండు సెకన్ల దాకా పోవచ్చు. ఇంక బస్సు ఎక్కనివ్వరు. ఇది ఆవిడ నిర్ణయం. ఆవిడనే అడుగుదాం." అమ్మ వైపు తిరిగింది. "స్వరూపగారూ, ఇప్పుడున్న పద్ధతి మీకు బాగుందా?"

"మంచిగున్నది మేడం" అంది అమ్మ నవ్వుతూ. "రంది లేదు."

కళ్ల నుంచి నీళ్లు కారి మెడ మీదికి వచ్చాయి.

"చూశావా అమ్మా..." అని డాక్టర్ నళిని నాతో ఏదో చెప్పబోయింది.

"ఎవలను అడుగుతున్నరు మేడం మీరు?" అన్నాను. గది అంతా నా గొంతే. అంత గట్టిగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు. "అమ్మ నోరు దాని దగ్గర ఉన్నది. దాన్నే అడిగి, అదే చెప్పింది విని, అమ్మ ఒప్పుకున్నదంటరా?"

డాక్టర్ నళిని చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టేసింది.

"మూడో రకానికి బైపాస్ ఉంటది" అన్నాను బాపు వైపు చూస్తూ. "బాగుచేసేటప్పుడు పెట్టెను పక్కకు పెట్టి కరెంటును నేరుగ పంపెటందుకు. ఉంటది గద బాపు?"

బాపు తలవంచుకుని, "ఉంటది" అన్నాడు.

డాక్టర్ నళిని లేచి అమ్మ నడుముకున్న పెట్టె మీది మూత తీసింది. లోపల ఒక చిన్న మీట. "కుర్చీలో కూర్చుని ఉంది కాబట్టి పడిపోదు. పది నిమిషాలు" అంది. మీట తిప్పింది ఆవిడే.

అమ్మ నవ్వు జారిపోయింది. చెంపలు కిందికి దిగాయి. ఆ ముఖం నాలుగు నెలల్లో ఎంత అలిసిపోయిందో అప్పుడు కనిపించింది. పెదవులు రెండుసార్లు కదిలాయి కానీ మాట రాలేదు. గొంతు సవరించుకుంది.

"నీళ్లు" అంది.

తాగింది. గ్లాసు కింద పెట్టి బాపు వైపు చూసింది.

"సమ్మయ్యా."

మా అమ్మ ఎప్పుడూ బాపును పేరు పెట్టి పిలవలేదు. మా ఊళ్లో ఏ ఆడమనిషీ పిలవదు. బాపు ఉలిక్కిపడి గోడకు ఆనుకున్నాడు.

"పేరు వెట్టే పిలుస్తున్న. యాదుంచుకో. నేనేమన్న హాచరీల గుడ్డునా?"

"స్వరూపా, ఒక్క సెకను నువ్వు లేకుండవోతవని భయపడ్డ..."

"నాలుగు నెలలు లేను. అవుపడలేదా నీకు?"

బాపు చేతులు ప్యాంటు మీద పైకీ కిందికీ పోతున్నాయి. నోరు తెరిచాడు. ఏడ్చేశాడు.

"పక్కల పండుకున్నవు. అది నవ్వితే నవ్వినవు. కూర మంచిగున్నదంటే మురిసినవు. నేను లోపలుండి అరుస్త. అరుపంతా దాని బ్యాటరీ నింపెటందుకే పోయింది. నా మీద నా అరుపుతోనే నడిచింది అది." అమ్మ ఊపిరి తీసుకుంది. "మేడం, మీ దగ్గర నా సంతకమున్నది. మొదటి రకం మీద. సదువుకున్నోళ్లు గద, సంతకమంటే ఏందో తెల్వదా?"

"తెలుసండీ" అంది డాక్టర్ నళిని. చాలా నెమ్మదిగా అంది. "తప్పు నాది."

"బస్సు ఎక్కనియ్యకుంటే డిపోల కూసుంట. పన్నెండు సెకన్లు ఆగుతనా, ఆగుత. ఆ పన్నెండు సెకన్లు అది నడిపియ్యనీ, పడిపోకుండ జూసుకోనీ. మళ్ల లేసేది మాత్రం నేనే. ఇప్పుడే మార్చుండ్రి. బతిలాడుతలేను. చెప్తున్న."

డాక్టర్ నళిని తలూపి, గోడకున్న ఫోనులో ఎవరినో రమ్మని చెప్పింది.

అప్పుడు అమ్మ నా వైపు తిరిగింది. నేను పరుగెత్తుకుపోయి ఒడిలో తల పెట్టుకోవాలనుకున్నాను. ఆ చూపు నన్ను కుర్చీలోనే ఉంచింది.

"నీ పుస్తకంల మాట అది. నేను అన్లే."

"అవునమ్మా."

"అది మొదటిసారి అన్నప్పుడు నీ మొకం జూసిన. ఎలిగింది. జర సేపటికి ఆరింది. అప్పుడే తెలిసింది నీకు. అవునా కాదా?"

పుస్తకం చదివిందనుకున్నానని చెప్పొచ్చు. కొంత నిజమే. కానీ అమ్మ ఆ అద్దంలో నన్ను నాకంటే దగ్గరగా చూసింది.

"అవునమ్మా. సగం తెలిసింది."

"తెలిసి గూడ పదకొండు దినాలు నా ముంగట కూసున్నవు. ఇంకోసారి అనిపించుకునెటందుకు. నా బిడ్డ తెలుసుకున్నది, ఇగ నన్ను బయటికి తీస్తదని రోజు జూసిన. రోజు జడ ఏసిచ్చుకోని పోయినవు."

"నాకు ఆ మాట గావాల్నుండె" అన్నాను. ఏడుస్తూ అన్నానో లేదో గుర్తులేదు.

"నన్ను అడగరాదా?"

"అడిగితే నువ్వు అనవు."

అమ్మ పెదవి ఒక పక్కకు లాగింది. నవ్వో కోపమో తెలియలేదు. "అనకపోదును" అంది. "నిజమే."

ముందుకు వంగింది. కుర్చీ చేతి మీదున్న నా వేళ్ల వైపు చెయ్యి చాపింది, తాకలేదు.

"మీ బాపుదంటే భయం. మేడానిది ఆత్రం. వాళ్లతోని నేను తర్వాత తేల్చుకుంట. సౌజీ, నిన్ను మాత్రం నేను..."

ఆగిపోయింది.

చెయ్యి నా వేళ్లకు జానెడు దూరంలో ఉంది. కళ్లు నా మీదే ఉన్నాయి కానీ వాటిలో నేను లేను. ఒకటి, రెండు, మూడు. డాక్టర్ నళిని గడియారం వైపు చూసింది. ఆరు దాటింది. ఏడు, ఎనిమిది. అమ్మ కింది పెదవి తడిగా వేలాడుతోంది. బాపు గోడ దగ్గర్నుంచి ఒక్క అంగలో వచ్చాడు. ఆయన చెయ్యి నేరుగా పెట్టె మీది మీట దగ్గరికి పోయింది.

ఆ మీట తిప్పితే ఆ వాక్యం వెంటనే పూర్తవుతుంది. ఎట్లా పూర్తవుతుందో నాకు తెలుసు. నేను రాసినట్టే పూర్తవుతుంది.

రెండు చేతులతో బాపు మణికట్టు పట్టుకున్నాను. ఆయన చెయ్యి మీట మీదనే ఆగింది.

"వద్దు బాపు."

"బిడ్డా, చాన సేపయితున్నది..."

"కానీ."

పది. పదకొండు. గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. పదమూడు. ఇంక రాదేమో అనుకున్నాను. అయినా చేతులు వదలలేదు.

అమ్మ రెప్ప వేసింది. మధ్యలో ఏమీ జరగనట్టు, నా కళ్లలోకి సూటిగా చూస్తూ, మాట అందుకుంది.

"...ఇప్పట్ల మాఫ్ చెయ్య."

"సరే అమ్మా" అన్నాను.